ఈ పిల్ల నీకేమవుతుంది?

ఆ ఉదయం

ఫిబ్రవరి రెండో వారం, మంగళవారం, ఉదయం ఆరున్నరకు మా నగరం తూర్పు శివారు స్కార్‌బరోలోని ఒక పాత అపార్ట్‌మెంట్ టవర్ రెండో అంతస్తులో తలుపు కొట్టాను. ఆ వేళ ఇంకా గుర్తుండడానికి కారణం ఉంది. డేకేర్ తనిఖీకి ఎవరూ అంత పొద్దున్నే వెళ్లరు. మామూలు డేకేర్లు ఏడింటికి తెరుస్తారు. ఇది ఏడింటికి మూసే చోటు.

తలుపు తీసిన అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. చంకలో ఒక పసివాడు, చేతిలో పాలసీసా. నా గుర్తింపు కార్డు చదివింది. మొహంలో బెదురు కనబడలేదు.

"రండి ఆంటీ. బూట్లు అక్కడ విప్పండి. పిల్లలు పడుకున్నారు, కాస్త మెల్లగా" అంది ఇంగ్లీషులో.

పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో, నేను తనిఖీ చేయబోయిన మనిషి నన్ను ఆంటీ అని పిలవడం అదే మొదలు.

ఆమె పేరు ఎఫువా. ఘనా నుంచి చదువుకోవడానికి వచ్చింది. చదువయ్యాక ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేసింది. తనతో పనిచేసే తల్లులు, పిల్లలను రాత్రిపూట ఎవరి దగ్గర ఉంచాలో తెలియక ఒక్కొక్కరే డ్యూటీలు వదులుకోవడం చూసింది. పగలు పిల్లలను చూసే కేంద్రాలు ఊరంతా ఉన్నాయి. రాత్రి చూసేవి లేవు. ఆసుపత్రులూ విమానాశ్రయమూ గోదాములూ రాత్రంతా నడుస్తాయి. వాటిలో ఊడ్చేవాళ్లకూ తుడిచేవాళ్లకూ సరుకు సర్దేవాళ్లకూ పిల్లలుంటారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఎఫువాకు తట్టింది. ఉద్యోగం మానేసి తన రెండు గదుల ఇంట్లోనే పిల్లలకు పడకలు వేసింది. నైజీరియా నుంచి వచ్చిన ఒబిన్నా అనే స్నేహితుడు పగలు ఒక కాల్ సెంటర్‌లో పనిచేస్తూ, సాయంత్రాలు ఆమె సంస్థకు రిజిస్ట్రేషన్, వెబ్‌సైట్, నిధుల వేట చూసుకునేవాడు. ఇలాంటివాళ్లను ఇప్పుడు సోషల్ ఆంట్రప్రెన్యూర్లు అంటున్నారు. ఆ మాట నాకు నోరు తిరగదు. నేను ఎఫువా అనే అంటాను.

కింది ఇంటాయన ఫిర్యాదు చేశాడు. తెల్లవారుజామున తన నెత్తిమీద చిన్న పాదాలు పరుగెడుతున్నాయట. అందుకే వెళ్లాను.

పిల్లలను లెక్కపెట్టాను. ఎనిమిదిమంది. చూసుకునేది ఎఫువా ఒక్కతే. మా చట్టం ప్రకారం లైసెన్స్ లేని ఇంట్లో అయిదుగురికి మించి ఉండకూడదు. బంధువుల పిల్లలైతే ఆ లెక్కలోకి రారు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. జరిగిందంతా దానివల్లనే.

చేతుల లెక్క

ఈ ఉద్యోగంలోకి ఇప్పుడు మన పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్ల కోసమే రాస్తున్నాను.

నాకు మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే బాస్, మార్గరెట్. మంచి మనిషి అని చెప్పను. పుట్టినరోజు కేకు మీద పేరులో కూడా అక్షరదోషం వెతికేది. నా మొదటి రిపోర్టులో గోడల రంగు గురించి, బొమ్మల గురించి, పిల్లలమీద టీచర్లకున్న ప్రేమ గురించి రెండు పేజీలు రాశాను. ఆమె చదివి తిరిగి నా బల్లమీద పెట్టింది.

"నిప్పంటుకుంటే ఒక మనిషి ఎంతమందిని ఎత్తుకుని బయటికి రాగలదు? ముందు అది చెప్పు సుభద్రా. ప్రేమ సంగతి తర్వాత చూద్దాం."

మనిషికి రెండు చేతులు. చంకనెత్తుకోవాల్సిన వయసు వాళ్లు ఇద్దరు, కొంగు పట్టుకుని నడవగలిగే వాళ్లు ఇద్దరో ముగ్గురో. చట్టంలో ఉన్న అయిదు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఆ రోజు అర్థమైంది. అది కాగితాలవాళ్లు సరదాకు వేసిన అంకె కాదు, చేతుల లెక్క.

ప్రేమ కనబడితే మురిసిపోకండి. శుభ్రం కనబడినా మురిసిపోకండి. అద్దంలా మెరిసే ఒక కేంద్రానికి వెళ్లాను ఒకసారి. పద్నాలుగు మంది పిల్లలు బొమ్మల ముందు కూర్చున్నారు. ఒక్కరూ నోరు మెదపడం లేదు. అంత బుద్ధిగా ఉన్న పిల్లలను చూసి నా వెంట వచ్చిన ఆఫీసర్ మెచ్చుకున్నాడు. నేను కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. భోజనాల వేళకు అక్కడి టీచర్ కసిరే గొంతు విన్నాను. పిల్లలు ఎందుకు మాట్లాడరో తెలిసింది. పిల్లలున్న చోట గోల లేదంటే కారణం వెతకాలి.

ఎఫువా ఇంట్లో గోల ఉంది. పిల్లలు లేస్తూనే ఆమె మీదికెక్కారు. ప్రతి పరుపుకూ పేరు కుట్టి ఉంది. మందుల డబ్బా అందనంత ఎత్తులో ఉంది. నాకు నచ్చింది. కాని ఎనిమిదిమంది, రెండు చేతులు, బయటికి ఒకటే దారి.

చెల్లె లెక్క

ఆ ఉదయం డెరెక్ అని ఒక కుర్ర ఆఫీసర్‌ను కూడా నా వెంట తీసుకెళ్లాను. ఉద్యోగంలో చేరి రెండు నెలలయింది. నేను లోపల ఉంటే, రాత్రి డ్యూటీ ముగించుకుని పిల్లలకోసం వచ్చే తల్లులను లిఫ్ట్ దగ్గర నిలబడి ప్రశ్నలు అడగడం అతని పని. ముఖ్యమైన ప్రశ్న ఒకటే: మీ పిల్ల ఎఫువాకు ఏమవుతుంది?

కాసేపటికి నవ్వు ఆపుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"సుభద్రా, ఘనాలో పుట్టిన ఎఫువాకు ఇండియాలో పుట్టిన అక్క ఉందట. ఆవిడే చెప్పింది, సిస్టర్ అని. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే మాట."

అతని వెనకే ఒక అమ్మాయి వచ్చింది. గోదాములో వేసుకునే మెరిసే జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది. కళ్లు నిద్రతో ఎర్రబడ్డాయి. నా పేరు చెవిన పడినట్టుంది.

"ఆంటీ, మీరు తెలుగోళ్లా?"

"అవునమ్మా."

"అమ్మయ్య! జర చెప్పుండ్రి ఆంటీ ఆయనకు. నేను అబద్ధం ఆడుతున్న అనుకుంటుండు. ఎఫువా నాకు చెల్లె లెక్కనే."

"చెల్లెలు లెక్కా, చెల్లెలా?"

"గట్లెట్ల అంటరు ఆంటీ? నాకు పురుడైనప్పుడు పది రోజులు నా రూములనే పండింది. పిల్లకు మొదటి స్నానం ఆమెనే పోసింది. చెల్లె కాకుంటె ఇంకేమైతది?"

ఆ అమ్మాయి లావణ్య. కరీంనగర్ దగ్గర ఊరు. భర్త పగలు కాలేజీ, రాత్రి కారులో ఫుడ్ డెలివరీ. రెండున్నరేళ్ల కూతురు మైత్రి అప్పటికే ఎఫువా కాలు పట్టుకుని వేలాడుతోంది.

"చూడమ్మా, ఇక్కడ నేను తెలుగుదాన్నని మాట్లాడకూడదు. ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాను" అన్నాను.

"రెండూ కావద్దా ఆంటీ?" అంది.

నేను నా పని చూసుకున్నాను. డెరెక్ అప్పటికే రాసేశాడు: తల్లులు తప్పుడు వాంగ్మూలం ఇచ్చారు, ఎఫువా నేర్పి చెప్పించింది. ఎనిమిదిమందిని ఉంచుకోవడం సరిదిద్దుకోగల తప్పు. ఇది వేరు. ఈ మాట ఫైలులో నిలబడితే ఎఫువా ఎప్పుడు లైసెన్స్ అడిగినా ఇవ్వరు. రాత్రి పడకల ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

ఏ ముగ్గురిని

ఆ రాత్రికే అయిదుగురికి తగ్గించాలని ఎఫువాకు చెప్పాను. ఆమె వాదించలేదు.

"ఏ ముగ్గురిని పంపాలి ఆంటీ?"

"అది చెప్పడం నా పని కాదు."

"మీరే లెక్కపెట్టారుగా. మీరే చెప్పండి."

"కాదన్నాను."

"నా పని కూడా కాదు. నా పని పిల్లలను ఉంచుకోవడం. పంపడం నేను ఎక్కడా నేర్చుకోలేదు."

తనే వెంటనే సర్దుకుంది. చంకలో పిల్లవాణ్ణి ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుని, తల్లులందరినీ లోపలికి పిలిచింది. ఒంటరి తల్లుల పిల్లలు ఉంటారు, ఇంట్లో రెండో మనిషి ఉన్నవాళ్లు తీసుకెళ్లాలి, లైసెన్స్ తెచ్చుకున్న రోజున అందరికీ చోటుంటుంది అని చెప్పింది. రెండో మనిషి ఉన్నవాళ్లు ముగ్గురే. ఒక కెన్యా దంపతుల కొడుకు, ఒక ఫిలిప్పీన్స్ దంపతుల పాప, మైత్రి.

"హజ్బెండ్ ఈజ్ నాట్ బేబీసిట్టర్, ఎఫువా" అంది లావణ్య.

ఒకరిద్దరు నవ్వారు. లావణ్య నవ్వలేదు. పిల్లకు స్నో బూట్లు తొడుగుతుంటే మైత్రి కాళ్లు ముడుచుకుంది. ఎఫువాయే వంగి తొడిగింది.

మీరు చేసింది న్యాయమేనా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఇప్పుడడిగినా అదే చెబుతాను. మళ్లీ ఆ తలుపు కొట్టాల్సివస్తే మళ్లీ అయిదుగురికే తగ్గిస్తాను. మంచి మనసున్నవాళ్ల ఇల్లు కదా అని నిప్పు ఊరుకోదు.

మాట కలుపుకోనివాళ్లు

శుక్రవారం ఆఫీసులో మార్గరెట్ ముందు కూర్చున్నాం. ఎనిమిదిమంది గురించి ఎవరికీ పేచీ లేదు. తప్పుడు వాంగ్మూలం అన్న మాటకు నేను సంతకం పెట్టనన్నాను.

"మీ భాష మనిషిని వెనకేసుకొస్తున్నావంటారు" అంది మార్గరెట్.

"అందుకే లావణ్య మాట పక్కన పెట్టండి. మిగతా తల్లులు ఏమన్నారో డెరెక్‌ను చదవమనండి."

డెరెక్ చదివాడు. ఒకామె, ఎఫువా నా బిడ్డకు ఆంటీ అంది. ఒకామె, ఘనాలో మా నాన్నగారి ఊరి పిల్ల కాబట్టి మా ఇంటి ఆడపిల్లే అవుతుంది అంది. ఒకామె, నా మనిషి అని ఊరుకుంది. ఒకామె, పిల్లకు రెండో అమ్మ అంది.

"నేర్పించిన అబద్ధమైతే అందరూ ఒకటే చెప్పేవాళ్లు. అబద్ధం ఆడదలుచుకున్నవాళ్లు ముందు మాట కలుపుకుంటారు. వీళ్లు కలుపుకోలేదు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు" అన్నాను.

"ఫ్రెండ్ అని చెప్పొచ్చుగా? ఎవరు కాదన్నారు?" అన్నాడు డెరెక్.

"నువ్వు ఫ్రెండేనా అని అడగలేదు. ఏమవుతుంది అని అడిగావు. మా భాషలో ఆ ప్రశ్నకు ఏమీ కాదు అని జవాబు చెబితే అది తిట్టు. తెగతెంపులు చేసుకున్నవాళ్లు అనే మాట అది. రాత్రంతా బిడ్డను అప్పగించిన మనిషిని పట్టుకుని, నాకేమీ కాదు అని ఏ తల్లి అంటుంది? ఘనాలో కూడా అనరట. ఎఫువాను అడిగాను."

"అయితే ఏమని అడగాలి?" అంది మార్గరెట్.

"రక్తసంబంధమా, పెళ్లి సంబంధమా, దత్తతా? ఈ మూడూ విడివిడిగా అడగాలి. మనకు కావలసింది అదే అయితే అదే అడగాలి."

ఆమె అద్దాలు తీసి తుడుచుకుంది. "ఎనిమిదిమంది ఉన్న మాట నిజమేనా?"

"నిజం. నేనే లెక్కపెట్టాను. దాన్ని అలాగే ఉంచండి. ఒక్కరిని కూడా తగ్గించవద్దు."

తప్పుడు వాంగ్మూలం అన్న రెండు మాటలను మార్గరెట్ తన చేత్తో కొట్టేసింది. మించిన సంఖ్య అన్నది ఉంచింది. ఆ తర్వాత మా ఆఫీసర్లందరూ మూడు ప్రశ్నలు విడివిడిగా అడగడం మొదలుపెట్టారు. డెరెక్ అందరికంటే జాగ్రత్తగా అడిగేవాడు. ఒక్కోసారి కన్నతల్లిని కూడా రక్తసంబంధమేనా అని అడిగి మాటలు పడేవాడు. అలాంటి పొరపాటు నాకు ఇష్టమే.

కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ ఒక మాట. మీ ఊరు, మీ భాష మీకు కొన్ని సంగతులు తెలిసేలా చేస్తాయి. అవి తెలియనట్టు నటించకండి. వాటితో చట్టాన్ని వంచడానికీ చూడకండి. చట్టం అడిగే ప్రశ్న ఎదుటి మనిషికి ఎలా వినబడుతుందో చెప్పగలిగింది ఆ గదిలో మీరొక్కరే కావచ్చు. అప్పుడు నోరు తెరవండి. అంతవరకే మీ పని.

ఫలకాలూ సింకూ

ఇక లైసెన్స్. ఒబిన్నా పోటీలకు వెళ్లేవాడు. యువకులు తమ సంస్థల గురించి అయిదు నిమిషాలు మాట్లాడతారు, పెద్దమనుషులు మార్కులు వేస్తారు. హాలిఫాక్స్ అనే ఊళ్లో ఒక పోటీకి ఎఫువాను కూడా తీసుకెళ్లాడు. మొదటి స్లైడ్‌లో ఆఫ్రికా పటం ఉండాలని నిర్వాహకులు అడిగారట. ఎఫువా వద్దంది, ఒబిన్నా పెట్టాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన ఎంతో ఆప్యాయంగా అడిగాడట: "ఈ సేవను మీ ఆఫ్రికాకు ఎప్పుడు తీసుకెళతారు?"

"పిల్లలు స్కార్‌బరోలో ఉన్నారండీ" అందట ఎఫువా.

బహుమతి వచ్చింది. గాజు ఫలకం, ఫోటో, చప్పట్లు. ఆ ఏడాది అలాంటి ఫలకాలు మూడు వచ్చాయి. వాళ్లకు కావలసింది నేలమట్టంలో ఒక గది, బయటికి రెండు దారులు, రాత్రంతా మేలుకుని ఉండే ఇద్దరు మనుషులు, డయపర్లు మార్చేచోట వంటింటితో సంబంధం లేని ఒక సింకు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఏ వేదిక మీదా ఎవరూ ఇవ్వలేదు. ఆఫ్రికా యువత మీద ఈ దేశంలో అందరికీ ప్రేమే. వాళ్లు మాట్లాడితే వింటారు. గది అద్దెకు అడిగితే మాత్రం ఎంతమంది వస్తారు, రాత్రిపూటా, మాకు కుదరదండీ అంటారు.

ఎఫువా ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తట్టింది. తన టవర్ కిందనే ఉన్న పార్టీ గది ఇవ్వనన్నారు. లైబ్రరీ కుదరదంది. చివరికి ఒక చర్చి తన బేస్‌మెంట్ ఇచ్చింది. ఒక పక్క నేల పల్లంగా ఉండడంతో తలుపు నేరుగా పెరట్లోకి తెరుచుకుంటుంది. నేను తనిఖీకి వెళ్లాను. సింకు లేదు. తిరస్కరించాను. మళ్లీ వెళ్లాను. సింకు ఉంది, వేడినీళ్లు రావడం లేదు. తిరస్కరించాను. మూడోసారి వేడినీళ్లు వచ్చాయి. చెయ్యి కాలేంత వేడి. అదీ తిరస్కరించాను.

"ఆంటీ, మీకు కలలో కూడా సింకులే వస్తాయా?" అంది.

"వస్తాయి. అన్నీ లీకవుతుంటాయి."

పగలబడి నవ్వి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. రాత్రి ఇంట్లో అయిదుగురు పిల్లలు, పగలు ఈ బేస్‌మెంట్. ఎప్పుడు నిద్రపోతున్నావని అడిగాను.

"ముగ్గురు తల్లులకు మాటిచ్చాను. అది అయ్యాక" అంది.

జాలిపడి ఒక సింకు వదిలేస్తే ఆ అమ్మాయికి మేలు చేసినట్టు కాదు. ఆమె కడుతున్నది నా తర్వాత వచ్చే ఇన్‌స్పెక్టర్ ముందు కూడా నిలబడాలి. నేను నాలుగోసారి వెళ్లాను. నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. వేలు పెట్టి చూశాను, థర్మామీటర్ కూడా పెట్టి చూశాను. డిసెంబర్ మొదటి వారంలో లైసెన్స్ వచ్చింది, పదిహేనుమంది పిల్లలకు. ఆ శీతాకాలంలోనే నేను రిటైరయ్యాను. ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. రాత్రి పదిన్నర బస్సు దిగే తల్లులు ఆ పెరటి తలుపు దగ్గరే పిల్లలను అప్పగించి వెళతారు.

ఈ రోజుల్లో ఇలాంటి సంస్థ పెట్టే పిల్లలు నా సలహా అడుగుతుంటారు. ముందు గది చూడు, తర్వాత సింకు చూడు, ఆ తర్వాత ఉపన్యాసం రాసుకో అంటాను. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోని వాళ్లు మళ్లీ వస్తారు.

పోయినవి

వచ్చినదాని గురించి ఆ కేంద్రం గోడమీది ఫోటోలు చెబుతాయి. పోయినవి నేను రాస్తాను. ఆ ఫిబ్రవరి మంగళవారానికీ ఆ డిసెంబర్‌కూ మధ్య జరిగినవి ఇవి.

మైత్రిని తీసుకెళ్లిన రెండో వారంలోనే లావణ్య గోదాము ఉద్యోగం పోయింది. మార్చి నెలాఖరున మైత్రిని, తెలిసినవాళ్లు ఇండియా వెళుతుంటే వాళ్ల వెంట అమ్మమ్మ దగ్గరికి పంపింది.

కెన్యా దంపతుల్లో తండ్రి రాత్రి పని మానేశాడు. ఒక జీతంతో అద్దె కట్టలేక ఎక్కడో దూరాన ఉన్న ఎడ్మంటన్ అనే ఊరికి వెళ్లిపోయారు.

ఫిలిప్పీన్స్ తల్లి నర్సింగ్ కోర్సులో రెండో ఏడాది మధ్యలో ఆపేసింది. మళ్లీ చేరలేదు.

ఒబిన్నా ఆగస్టులో సంస్థ వదిలేశాడు. గొడవ లేదు, అలసట.

ఎఫువాకు సెప్టెంబర్‌లో పై చదువుకు కాలేజీ సీటు వచ్చింది. చేరలేదు.

పంపేసిన ముగ్గురు పిల్లలకు కొత్త చోట మూడు పరుపులు వేసి, పేర్లు కుట్టి ఉంచింది. వాటిలో పడుకోవడానికి తిరిగి వచ్చినవాళ్లు: ఒక్కరూ లేరు.